కెనడా – అమెరికా వర్తకపు టొడంబడిక: శాసనసభలు, ప్రజల తీర్పు

రెండు దేశముల మంత్రులు సుంకములు తగ్గించుకొందమని కాగితముపై వ్రాసికొన్నంత మాత్రమున ఆ వ్రాత చట్టము కానేరదు. సరిహద్దు సుంకము ప్రజలు చెల్లించు పన్ను. ప్రజాపాలన గల దేశములలో పన్నును విధించుటకును తొలగించుటకును తుది యధికారము శాసనసభలదే గాని రాయబారులది కాదు. కావున సంతకములైన పిమ్మటనే ఒడంబడికకు అసలు పరీక్ష ఆరంభమగును. ఆ పరీక్ష యెట్టిదో తెలియగోరువారికి కెనడా, అమెరికా సంయుక్త రాష్ట్రముల చరిత్ర చక్కని ఉదాహరణము. అచ్చట ఒకే ప్రశ్న 1911 లో నొకమారు, 1988 లో నొకమారు ప్రజల యెదుటికి వచ్చెను.

ఈ కథకు పూర్వరంగము 1854 లో నున్నది. కెనడా అప్పటికి ఒక్క దేశముగా నేర్పడలేదు. బ్రిటిషువారి క్రింద వేర్వేరు వలసరాజ్యములుగా నుండెను. గవర్నరు జనరలు ఎల్గిన్ ప్రభువు వాషింగ్టనుకు పోయి ఒక సంధిని కుదిర్చెను. ధాన్యము, కలప, చేపలు, బొగ్గు మొదలైనవి ఉభయులకును సుంకము లేకుండ సాగవలెనని దాని సారాంశము. అంతర్యుద్ధము ముగిసిన తరువాత, 1866 లో, అమెరికావా రా సంధిని రద్దు చేసిరి. మరుసటి యేడే కొన్ని వలసరాజ్యములు కలిసి కెనడా సమాఖ్యగా నేర్పడినవి. 1879 నుండి జాన్ మెక్డొనాల్డు ప్రభుత్వము హెచ్చు సుంకముల గోడ కట్టి, దాని చాటున స్వదేశ పరిశ్రమలను పెంచెను. తూర్పు నుండి పసిఫిక్ తీరమువరకు రైలుమార్గమును వేయించెను.

1911 జనవరిలో కెనడా ఆర్థికమంత్రి ఫీల్డింగు, అమెరికా అధ్యక్షుడు టాఫ్టు ప్రభుత్వముతో క్రొత్త ఒడంబడిక కుదిరినదని కామన్సు సభలో వెల్లడించెను. పంటలు, పశువులు, పండ్లు, చేపలు సుంకము లేకుండ పోవును. కొన్ని తయారుసరకులపై సుంకము తగ్గును. దీనిని సంధిరూపమున గాక, ఇరుదేశముల శాసనసభలును సరితూగు చట్టములు చేయు పద్ధతిని నడపదలచిరి. అమెరికాలో సంధికి సెనేటున మూడింట రెండువంతుల సమ్మతి కావలెను. సామాన్య శాసనమునకు సగమునకు మించిన వోట్లు చాలును. అయినను, కెనడా ధాన్యము తమ ధరలను పడగొట్టునని సరిహద్దు ప్రాంతపు రైతులు అడ్డుపడిరి. సాధారణ సమావేశములో సెనేటు వోటు చేయకపోగా, టాఫ్టు ప్రత్యేక సమావేశమును పిలిచెను. జూలై 22 న సెనేటు 53 వోట్లతో అంగీకరించెను. 27 గురు కాదనిరి. వాషింగ్టనులో పని ముగిసెను గాని ఒట్టావాలో ముగియలేదు.

ప్రధానమంత్రి సర్ విల్ఫ్రిడ్ లోరియేకు కామన్సు సభలో ఆధిక్యము కలదు. కాని చర్చను ముగింపజేయు నిబంధన ఆ సభకు 1913 వరకు లేదు. ప్రతిపక్ష నాయకుడు బోర్డెను అనుచరులు ఒకరి తరువాత నొకరు లేచి మాటలాడుచుండగా బిల్లు కదలలేదు. పడమటి మైదానముల గోధుమ రైతులు ఒడంబడికను కోరిరి. దక్షిణమున తమ పంటకు పెద్ద బజారు దొరకునని వారి యాశ. టొరాంటో, మాంట్రియల్ నగరముల మిల్లుదారులు, బ్యాంకుదారులు, రైలు కంపెనీలవారు ఎదిరించిరి. సరకు ఉత్తర దక్షిణములకు సాగినచో తూర్పు పడమరలను కలిపిన రైలుకు గతి యేమని వారి ప్రశ్న. లోరియే పక్షమునకే చెందిన 18 మంది టొరాంటో ప్రముఖులు బహిరంగముగా వేరుపడిరి. ఇంతలో, అమెరికా ప్రతినిధిసభకు త్వరలో అధ్యక్షుడు కానున్న ఛాంపు క్లార్కు, ఉత్తర అమెరికాలోని బ్రిటిషు భూములన్నిటిపై తమ జెండా యెగురుట చూడగోరెదనని పలికిన మాట కెనడా అంతట మారుమ్రోగెను. గోధుమల ధరను గూర్చిన తగవు, దేశము దేశముగా నిలుచునా యను తగవయ్యెను.

జూలై 29 న లోరియే పార్లమెంటును రద్దు చేయించి ప్రజల తీర్పు కోరెను. సెప్టెంబరు 21 న ఆయన పక్షము ఓడిపోయెను. క్యుబెక్కులో నౌకాదళ వివాదము కూడ ఆయనను దెబ్బతీసినది గనుక, ఓటమి అంతయు ఒడంబడిక వలననే యనుట న్యాయము కాదు. కాని ఫలమొకటియే. అమెరికా చేసిన చట్టము పుస్తకములో మిగిలెను. దానికి జత కావలసిన కెనడా చట్టము పుట్టనే లేదు.

77 సంవత్సరములకు అదే ప్రశ్న మరల వచ్చెను. ఈమారు వేషములు తారుమారైనవి. నాడెదిరించిన కన్సర్వేటివుల వారసులు ఒడంబడికను కోరిరి. నాడు కోరిన లిబరలులు ఎదిరించిరి. ప్రధానమంత్రి బ్రయన్ మల్రోనీ తానే 1983 లో ఇట్టిది వలదనియుండెను. 1985 లో, పూర్వము లిబరలు మంత్రియైన డొనాల్డు మెక్డొనాల్డు అధ్యక్షతను నడచిన విచారణసంఘము దీనిని సిఫారసు చేసెను. మల్రోనీయు ఆ త్రోవనే పట్టెను. ఆనాటి అమెరికా శాసనము ననుసరించి, అధ్యక్షుడు తెచ్చిన ఒడంబడికను కాంగ్రెసు సవరింపక, ఔననియో కాదనియో చెప్పవలెను. 1986 ఏప్రిలులో సెనేటు ఆర్థికసంఘము సంప్రదింపులనే ఆపబోయి, 10 కి 10 వోట్లు సమముగా వచ్చుటచే ఆపలేకపోయెను. 1988 జనవరి 2 న రీగను, మల్రోనీ సంతకములు చేసిరి. పదియేండ్లలో సుంకములు పోవలెను. తగవులు తీర్చుటకు ఉభయపక్షముల తీర్పరులు గల మండలులు ఉండవలెను.

అమెరికా ప్రతినిధిసభ ఆగస్టు 9 న 366 వోట్లకు 40 గాను, సెనేటు సెప్టెంబరు 19 న 83 కు 9 గాను సమ్మతించెను. కెనడా కామన్సు సభ ఆగస్టు 31 న ఆమోదించెను. కాని ఆ దేశపు సెనేటు ఎన్నికల వలన గాక నియామకము వలన ఏర్పడు సభ. అందు లిబరలులే హెచ్చు. ప్రజలు చెప్పువరకు బిల్లును నిలుపవలసినదని వారి నాయకుడు జాన్ టర్నరు సెనేటర్లను కోరెను. ఎన్నుకొనబడని సభ ఎన్నుకొనబడిన సభను అడ్డవచ్చునా యని కొందరు ప్రశ్నించిరి. ప్రజల నడుగక దేశపు బ్రతుకుతెరువును మార్చవచ్చునా యని మరికొందరు ప్రశ్నించిరి. రెండు ప్రశ్నలును పుల్లవిరుపుగా త్రోసివేయదగినవి కావు.

నవంబరు 21 న ఎన్నికలు జరిగెను. 295 స్థానములలో 169 మల్రోనీ పక్షమునకు దక్కినవి. ఆ పక్షమునకు వచ్చినవి నూటికి 43 వోట్లే. ఒడంబడిక నెదిరించిన రెండు ప్రధాన పక్షములకు కలిపి సగమునకు మించి వచ్చినవి. అయినను తాము కోరిన పరీక్ష జరిగినది గనుక సెనేటులోని లిబరలులు అడ్డు తొలగిరి. కామన్సు సభ డిసెంబరు 24 న, సెనేటు 30 న బిల్లును ఆమోదించెను. 1989 జనవరి 1 న ఒడంబడిక అమలునకు వచ్చెను. 1994 లో మెక్సికోను చేర్చికొన్న ఒప్పందమును, 2020 లో దాని స్థానమున మరియొకటియు వచ్చినవి.

ఈ రెండు ఘట్టములలోను అమెరికా శాసనసభ ఔననెను. కలత పుట్టినది కెనడాలోనే. పదిరెట్లకు దగ్గరగా జనము గల పొరుగుతో తలుపు తెరచువాడు లాభముతోపాటు తన యునికిని గూడ లెక్కించుకొనును. ఆ లెక్కను మంత్రుల గదిలో తేల్చుట సులభము. తేల్చినది నిలుచుట కష్టము. 1911 లో ఓడిన లోరియే పదవి విడిచెను. 1988 లో ఓడిన లిబరలులు, వోట్ల లెక్క తమకు సాకుగా నున్నను, బిల్లునకు దారి విడిచిరి. ఒడంబడిక మంచిదా చెడ్డదా యను వాదము ఆ దేశమున పెక్కేండ్లు సాగెను. కాని అది ప్రజల నడుగకనే జరిగినదను మాటకు మాత్రము అచ్చట తావు లేకపోయెను.