జాగీర్దారు పోయాడు, బేగం ఏమైంది?

మా నానీది ఆత్మకూరు. బడికి సెలవులిస్తే నా మకాం అక్కడే. ఉదయగిరి బస్సు కనబడితే చాలు, ఆ కొండ మీది కిల్లా గురించి అడిగి ఆమె ప్రాణం తీసేవాణ్ణి. నానీకి ఖురాన్ చదవడం తప్ప వేరే చదువు రాదు. నేను కాలేజీకి వచ్చాక కథ తిరగబడింది. నేను తవారీఖ్ చెప్పడం, ఆమె వినడం.

ఓ సాయంత్రం ఉదయగిరి ఆఖరి జాగీర్దారు కిస్సా చెప్పాను. ఆర్కాటు నవాబుల కాలం నుంచి ఆ ఖాందాన్ చేతిలో ఉన్న జాగీరు అది. 1839లో అంగ్రేజులు ఆయన మీద బగావత్ ఇల్జామ్ మోపి, జాగీరు జప్తు చేసి, ఆయన్ను చెంగల్పట్టుకు పంపేశారు. నానీ తమలపాకు ఈనెలు తీస్తూ అంతా విన్నది. చివర్లో ఒక్కటే అడిగింది.

"ఆయప్ప పోయినాడు సరే. ఇంట్లో ఆడోళ్ళు ఏమైపోయినారు బేటా?"

నా దగ్గర జవాబు లేదు. నేను చదివిన కితాబుల్లో ఆ సవాలే లేదు. నానీ ఇంతెకాల్ అయి చాలా ఏళ్ళయింది. ఆ సవాలు మాత్రం నాకు వారసత్వంగా మిగిలింది.

1839 మామూలు సాల్ కాదు. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాను అదే బగావత్ ఇల్జామ్ కింద గోల్కొండ కిల్లాలో ఖైదు చేశారు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కిల్లాలో హథియార్లు పోగేశాడని ఫౌజును పంపి, ఆయన్ను పట్టుకుని తిరుచిరాపల్లికి తరలించారు. మరుసటి ఏడాది అక్కడే ఒక నౌకరు కత్తిపోటుకు ఆయన చనిపోయాడు. ఫిరంగులు ఎన్ని దొరికాయి, గన్‌పౌడర్ ఎంత దొరికింది, అన్నీ దఫ్తర్లలోకి ఎక్కాయి. కానీ నవాబును పట్టుకెళ్ళిన రాత్రి జనానాలో పొయ్యి వెలిగిందా లేదా అన్నది ఏ దఫ్తర్‌కూ అక్కర్లేకపోయింది.

ఇది అంగ్రేజులతో మొదలైన మరుపు కూడా కాదు. ఉదయగిరి కిల్లాకే అంతకన్నా పాత కథ ఒకటుంది. ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని గెలుచుకున్నాడు. పట్టుబడిన గజపతి బంధువు తిరుమల రాహుతరాయడి పేరు శాసనాల్లో చెక్కి ఉంది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ మరో సంగతి రాశాడు. ఇదే కిల్లాలో ఒరిస్సా రాజుకు అత్తో పినతల్లో అయ్యే ఒక స్త్రీ కూడా ఖైదయిందట. ఆమెను ఇజ్జత్‌తోనే చూశారట. మగవాడికి రాతి మీద పేరు. ఆడమనిషికి ఒక వరుస, అంతే. 1514 నుంచి 1839 దాకా 325 ఏళ్ళు. ఝండాలు మారాయి, మజహబులు మారాయి, జబాన్లు మారాయి. ఈ రివాజు మాత్రం మారలేదు.

నానీ సవాలుకు ఉదయగిరిలో దొరకని జవాబు నాకు వేలూరులో కొంత దొరికింది. దారి మాత్రం మన కడప మీదుగానే. హైదర్ అలీ బేగం, టిప్పు సుల్తాన్ తల్లి ఫఖ్రున్నిసా కడప హాకిం మీర్ మొయినుద్దీన్ కూతురు. అంటే ఉదయగిరి కొండలకు అవతల పక్క పిల్ల. ఆమె కొడుకు 1799 మే 4న శ్రీరంగపట్నం కోట వాకిట్లో షహీద్ అయ్యాడు. ఆ మరణం మీద ఎన్ని బొమ్మలు గీశారో, ఎన్ని కితాబులు రాశారో చెప్పలేం. మరి మహల్ లోపల?

లోపల హైదర్ జనానా, టిప్పు జనానా కలిపి 600 మంది. బేగంలు, దాసీలు, ముసలివాళ్ళు, పిల్లలు. వీళ్ళను కూడా కంపెనీవాళ్ళు లెక్కపెట్టారు. లెక్కపెట్టకపోతే ఖర్చు తేలదు కదా! 1802లో వీళ్ళలో ఎక్కువమందిని వేలూరు కోటకు తరలించారు. సుల్తాన్ కొడుకులు, కూతుళ్ళు కూడా అక్కడే.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పుకోవాలి. టిప్పు మీద మనకెంత మొహబ్బత్ ఉన్నా సరే. ఆ 600 మందిలో ఓడిపోయిన రాజుల ఇళ్ళ నుంచి తెచ్చిన ఆడపిల్లలూ ఉన్నారు. కొడగు రాజవంశం పిల్లలున్నారు. సుల్తాన్ పడిపోయిన రోజున వాళ్ళ జిందగీలో మారిందేమిటి? తలుపు అదే, తాళం అదే. తాళంచెవి ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోయింది. టిప్పును జాలిమ్ డిక్టేటర్ అనేవాళ్ళున్నారు, షేర్ అనేవాళ్ళున్నారు. ఆ బహస్‌లో ఈ స్త్రీల గవాహి ఎవరూ అడగలేదు.

1806 జూలై 9న వేలూరు కోటలో టిప్పు కూతురి నికాహ్ జరిగింది. మెహెందీ ఎరుపు ఆరకముందే, జూలై 10 తెల్లవారుజామున సిపాయిలు తిరగబడ్డారు. కోట మీద మైసూరు ఝండా ఎగిరింది. పొద్దెక్కేసరికి ఆర్కాటు నుంచి గుర్రపు ఫౌజు వచ్చి పడింది. వందల మంది సిపాయిలను చంపేశారు. ఆ తర్వాత షెహజాదాలను సముద్రం మీద కలకత్తాకు పంపేశారు. జనానాను మాత్రం వేలూరులోనే ఉంచేశారు. కొడుకులు హుగ్లీ ఒడ్డున, తల్లులు పాలారు ఒడ్డున. భర్త పోయినందుకు ఒక సజా, కొడుకుల మీద షక్ కలిగినందుకు ఇంకో సజా. వాళ్ళు చేసిన ఖసూర్ ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు.

హైదర్ వితంతువు బక్షీ బేగం ఆ 1806లోనే వేలూరులో కన్నుమూసింది. టిప్పు భార్య పాద్షా బేగం 1834 దాకా బతికింది. ఒక్కసారి హిసాబ్ చూడండి. టిప్పు తఖ్త్ మీద కూర్చున్నది 17 ఏళ్ళు. ఆమె బేవాగా బతికింది 35 ఏళ్ళు. రాజ్యం కన్నా రెండింతల పొడుగు. ఆ 17 ఏళ్ళ మీద అల్మారాలు నిండా కితాబులున్నాయి. ఈ 35 ఏళ్ళకు మిగిలింది వేలూరులో ఒక మఖ్బరా.

"దిగిపోయిన పాలకుల భార్యలందరూ మజ్లూములేనా?" అని మీరు అడగొచ్చు. కాదు. ట్యునీసియా డిక్టేటర్ బెన్ అలీ 2011 జనవరి 14న దేశం వదిలి సౌదీకి పారిపోయాడు. ఆయన భార్య లైలా తరాబుల్సీ చరిత్ర వేరు. ఆమె పుట్టింటివాళ్ళు దేశంలో వ్యాపారాలన్నీ మింగేశారని అవాం మండిపడింది. ఆ జూన్‌లో కోర్టు వాళ్ళు లేకుండానే భార్యాభర్తలిద్దరికీ చెరో 35 ఏళ్ళ ఖైదు వేసింది. ఆమె హుకూమత్‌లో హిస్సేదార్. కాబట్టి హిసాబ్ అడిగారు. అది ఇన్సాఫ్.

వేలూరు జనానాకు ఏ హుకూమత్‌లోనూ హిస్సా లేదు. పతనంలో మాత్రం పూర్తి హిస్సా దొరికింది. భర్త జుల్ములో పాలు పంచుకున్నదెవరు, పక్కనే ఖైదీగా బతికిందెవరు అన్న ఫరఖ్ చూడకుండా, అందరినీ "ఫలానా వాడి పెళ్ళాలు" అని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. అలా కడితే లైలా లాంటివాళ్ళు హిసాబ్ తప్పించుకుంటారు, పాద్షా బేగం లాంటివాళ్ళు చేయని పాపానికి హిసాబ్ చెప్పుకుంటారు.

మొన్న మళ్ళీ ఉదయగిరి వెళ్ళాను. కిందికి దిగేసరికి అస్ర్ అజాన్ అవుతోంది. ఓ గల్లీలో మన ముస్లిం ఆడవాళ్ళు గడప ముందు కూర్చుని చెక్క గరిటెలు చెక్కుతున్నారు. ఆ ఊరికి ఇవాళ పేరు తెస్తున్నది జాగీర్దార్లు కాదు, వీళ్ళ చేతులు. వాళ్ళలో ఒక ఖాలా దగ్గర నాలుగు గరిటెలు కొని, పేరడిగాను. నవ్వి, "నా పేరెందుకు బాబూ, మా ఆయన పేరు చెబితే ఎవరైనా ఇల్లు చూపిస్తారు" అంది.

తిరుగు బస్సు ఆత్మకూరులో ఆగినప్పుడు దిగి ఖబరస్తాన్‌కు వెళ్ళాను. నానీ ఖబర్ దగ్గర ఫాతిహా చదివి, ఇన్నేళ్ళకు జవాబు చెప్పాను. నానీ, ఉదయగిరి వాళ్ళ సంగతి ఎవరూ రాసిపెట్టలేదు. వేలూరులో రెండు పేర్లు దొరికాయి. బక్షీ బేగం, పాద్షా బేగం.

నానీ ఖబర్ మీద పలక లేదు. ఈసారి వెళ్ళినప్పుడు ఒకటి పెట్టించాలి. దాని మీద ఫలానా వారి బీవీ అని కాదు, ఆమె పేరే రాయించాలి.