కొరియా రాజులు, చైనా చక్రవర్తులు

క్రీ.శ. 612లో చైనా సూయీ చక్రవర్తి పంపిన మహాసైన్యాన్ని కొగుర్యో సేనాని ఉల్జి ముందొక్ సల్సు నది దగ్గర ఊచకోత కోశాడు. అదే శతాబ్దంలో మరో కొరియా రాజ్యం సిల్లా, చైనా టాంగ్ సేనలను తోడు తెచ్చుకుని 660లో బెక్జేను, 668లో కొగుర్యోను కూల్చింది. గెలిచాక టాంగ్ వాళ్లు అక్కడే తిష్ఠ వేయబోతే, సిల్లా వాళ్లమీదే తిరగబడి 676 నాటికి వెళ్లగొట్టింది. ఆ తరవాత అదే టాంగ్ దర్బారుకు మళ్లీ కానుకలు పంపింది. ఇందులో పిరికితనం నాకు కనబడదు. పక్కనున్న పెద్ద రాజ్యం ఎక్కడికీ పోదని, దానితోనే బతకాలని తెలిసినవాళ్ల లెక్క అది.

918లో మొదలైన గోర్యో వంశం ఆ లెక్కను బాగా నేర్చింది. 993లో ఉత్తరాది ఖితాన్‌లు దండెత్తినప్పుడు గోర్యో అధికారి సొ హుయి వాళ్ల సేనాని దగ్గరికి వెళ్లి మాట్లాడాడు. చైనాలోని సోంగ్ రాజ్యంతో తెగతెంపులు చేసుకుని మీకు లోబడతామన్నాడు. బదులుగా అమ్నోక్ నది దాకా ఉన్న భూమి గోర్యో చేతికొచ్చింది. మంగోలుల దగ్గర మాత్రం ఈ నేర్పు చెల్లలేదు. 1231 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు నలిగి గోర్యో లొంగింది. ఆ తరవాత దాని రాజులు మంగోలు రాకుమార్తెలను పెళ్లాడి, చైనాను ఏలిన మంగోలుల యువాన్ వంశపు చక్రవర్తులకు అల్లుళ్లయ్యారు.

1388లో చైనా కొత్త వంశం మింగ్ మీదికి గోర్యో పంపిన సైన్యాన్ని వెనక్కి తిప్పిన సేనాని యి సొంగ్యే, 1392లో కొత్త వంశం స్థాపించాడు. జోసొన్ అన్న పేరును కూడా మింగ్ చక్రవర్తి చేతే ఖాయం చేయించుకున్నాడు. మూడేళ్లకోసారి దూతలను పంపితే చాలని మింగ్ అంటే, ఏడాదికి మూడుసార్లు పంపుతామని జోసొన్ పట్టుబట్టింది. దూతల వెంట వ్యాపారం నడిచేది, పుస్తకాలు, పట్టు వచ్చేవి, సింహాసనానికి గుర్తింపు దక్కేది. భారమూ తక్కువ కాదు. గుర్రాలు, బంగారం, వెండి, చివరికి మింగ్ అంతఃపురానికి ఆడపిల్లలు కూడా వెళ్లారు. ఏడుస్తూ వెళ్లిన ఆ పిల్లలను పక్కనపెట్టి ఈ సంబంధాన్ని ఉత్త లాంఛనమని రాసేవాళ్లతో నేను ఏకీభవించలేను.

అయినా ఇంటిలోపలి పెత్తనం కొరియా రాజుదే. సెజోంగ్ సొంత లిపి తయారుచేస్తే, చైనా ముందు తలవంపులని 1444లో చ్వే మల్లి వంటి పండితులు అభ్యంతరం చెప్పారు. 1446లో రాజు ఆ లిపిని ప్రకటించాడు. 1592లో జపాన్ దండెత్తినప్పుడు ఆదుకోవడానికి మింగ్ సేనలు వచ్చాయి. ఆ రుణాన్ని జోసొన్ మరవలేదు.

అందుకే మింగ్‌కు శత్రువులైన మంచూలకు తలవంచడం అంత బాధించింది. 1636 చివర్లో వాళ్లు విరుచుకుపడగా, రాజు ఇంజో నామ్‌హాన్ కొండకోటలో నెలన్నర తలదాచుకున్నాడు. తిండి అయిపోతోంది, సాయం రాలేదు. 1637లో రాజవస్త్రాలు విడిచి నీలిబట్టలు కట్టి, పడమటి ద్వారం గుండా బయటికి నడిచాడు. సామ్‌జొన్‌దో రేవులో ఎత్తైన వేదికమీద మంచూ చక్రవర్తి హోంగ్ తైజీ కూర్చుని ఉన్నాడు. రాజు మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నేలకు తల ఆనించాడు. యువరాజును బందీగా తీసుకుపోయారు. 1639లో అక్కడ మంచూ, మంగోలు, చైనా భాషల్లో విజయశాసనం నిలిపారు. ఆ రాయి నేటికీ సియోల్‌లో ఉంది. జోసొన్ మంచూల చింగ్ వంశానికి ఏటా దూతలను పంపుతూనే, 1704లో తన రాజప్రాసాదంలో మింగ్ చక్రవర్తికి పూజావేదిక కట్టుకుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఈ ఏర్పాటు బిగుసుకుంది. 1882లో కొరియా సైనికులు చేసిన తిరుగుబాటును అణచిన చింగ్ సేనలు, కొరియా రాజు కొజోంగ్ తండ్రినే చైనాకు ఎత్తుకుపోయాయి. 1885 నుంచి చింగ్ ప్రతినిధి యువాన్ షికాయ్ సియోల్‌లో తిష్ఠవేసి పెత్తనం చెలాయించాడు. ఇంటిలోపలి పెత్తనం కొరియా రాజుదేనన్న, మింగ్ కాలం నుంచి చైనా దాటని గీతను ఆ కొద్ది ఏళ్లే దాటించాయి. జపాన్‌తో యుద్ధంలో చైనా ఓడాక, 1895 షిమొనొసెకి ఒప్పందం మొదటి నిబంధనలోనే కొరియా స్వతంత్రమని రాయించింది జపాన్. 1897లో చైనా దూతల పాత విడిదిచోట కట్టిన వేదికపై కొజోంగ్ చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. 1910లో ఆ జపానే కొరియాను మింగేసింది.