సూరతు మగ్గములు: మాంద్యము, యుద్ధము, చమురు

తపతీ నదీతీరమున వెలసిన సూరతు నగరము మొగలాయి కాలమున పశ్చిమ సముద్ర వాణిజ్యమునకు ముఖద్వారమై యుండెను. 1664లోను, 1670లోను శివాజీ దానిని కొల్లగొట్టెను. పిదప బొంబాయి పెరిగిన కొలది సూరతు రేవు తరిగినది. 1837 నాటి అగ్నిప్రమాదము, తపతీ వరదలు నగరమును మరింత క్రుంగదీసినవి. ఓడలు మరలిపోయినను నేతపని మాత్రము పోలేదు. పాత ప్రాకారమునకు వెలుపల ఏర్పడిన పురములలో ఒకటియైన సలాబత్‌పురాలో జరీపని, పట్టునేత నిలిచియుండెను. ఇరువదవ శతాబ్దమున నగరము తిరిగి తలయెత్తినది ఆ మగ్గముల బలముచేతనే. అయితే ఆ మగ్గములకు కావలసిన నూలును, తరువాత వానిని నడపు చేతులును ఎక్కడినుండియో రావలసియుండెను. సూరతు చరిత్రలోని కలిమిలేములు రెండును ఈ పరాధీనత నుండి పుట్టినవే.

1929లో మొదలైన ప్రపంచ మాంద్యము రైతుచేతిలో డబ్బు లేకుండ చేసినది. అసలు పట్టు కొనలేనివారు కృత్రిమ పట్టును కోరిరి. జపాను, ఇటలీ దేశముల నుండి ఆ నూలు చౌకగా దిగుమతి యయ్యెను. ఆ దశాబ్దముననే నేతగాండ్ర యిండ్లలోనికి విద్యుత్తు మగ్గములు వచ్చినవి. వానిలో కొన్ని పెద్ద మిల్లులు వదలుకొన్న పాత మగ్గములు. 1931 జనాభా లెక్కలలో లక్షకు లోపుగా నుండిన నగరము 1941 నాటికి లక్షా డెబ్బదివేలు దాటినది. ఒకరికి నష్టమైన కాలమే వేరొకరికి అదను కాగలదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

1941 డిసెంబరులో జపాను యుద్ధమున దిగుటతో ఆ దేశపు నూలు ఆగిపోయెను. బట్టకు కరవేర్పడినది, 1943లో ప్రభుత్వము నూలుబట్టల ధరలపై నియంత్రణ విధించెను. నూలు నిలువయున్నవాడు లాభపడెను, లేనివాని మగ్గము మూతపడెను. స్వాతంత్ర్యానంతరము, 1950లో తిరువాన్కూరు రేయాన్సు కర్మాగారము స్వదేశమున ఈ నూలు తీయ మొదలిడినది. తెలంగాణమున కాగజ్‌నగరమునందలి సర్‌సిల్కు కర్మాగారమును ఆ దారినే నడచినది.

1960లో సూరతునకు ఉత్తరముననున్న అంకలేశ్వరమున చమురు పడెను. 1980 దశకమున పశ్చిమ సముద్రగర్భము నుండి సహజవాయువు గొట్టముల ద్వారా తపతీముఖముననున్న హజీరాకు చేరినది. అక్కడ ఎరువుల కర్మాగారమును, తరువాత పెట్రో రసాయన కర్మాగారములును వెలసినవి. పాలియెస్టరు నూలునకు మూలము చమురే గనుక, ఒకనాడు సముద్రము దాటి వచ్చిన నూలు ఇప్పుడు ఇంటి ముంగిటికి వచ్చినట్లయ్యెను. 1961లో 2.88 లక్షలైన జనాభా 1991 నాటికి సుమారు 15 లక్షలకును, పొలిమేరల విస్తరణతో కూడి 2011 నాటికి 44 లక్షలకు పైగాను పెరిగినది.

నూలు దగ్గరైనది గాని చేతులు దూరమునుండియే వచ్చినవి. చేనేత సన్నగిల్లిన కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల నుండి పద్మశాలీలు షోలాపురము, భివండీలకు వలెనే సూరతునకును పోయిరి. ఒరిస్సా, ఖాందేశము, ఉత్తరప్రదేశముల నుండియు శ్రామికులు వచ్చిరి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున బడులు నడపుట తెలుగువారి స్థిరనివాసమునకు సాక్ష్యము. తన ఊరిలో సొంత మగ్గము గల నేతగాడు ఇక్కడ పరుల మగ్గముపై కూలివాడైనాడు.

1994 సెప్టెంబరులో ప్లేగు భయముచే లక్షలమంది నగరము విడిచిపోయిరి. 2020లో మహమ్మారి కారణముగా మగ్గములు ఆగినపుడు శ్రామికులు స్వగ్రామములకు పంపుడని వీధులకెక్కిరి. యుద్ధకాలమున నూలులేక నిలిచిన మగ్గము, ఈ పర్యాయములందు నేయువాడు లేక నిలిచినది. చమురు గొట్టపుదారికి కాపలా యున్నది. నేతగాని బ్రతుకునకు అట్టి రక్షణ యింకను ఏర్పడవలసియే యున్నది. నగరము పెరిగినదని లెక్కలు చెప్పును. ఎవరి చేతులమీదుగా పెరిగినదో చెప్పుట చరిత్రకారుని ధర్మము.