ఆల్వేస్ వీనస్ గుర్తు వివాదం

ఆల్వేస్ వీనస్ గుర్తు వివాదం 2019 అక్టోబరులో మొదలైంది. అమెరికాకు చెందిన ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ (పి అండ్ జి) సంస్థ తన ఆల్వేస్ శానిటరీ ప్యాడ్ల రేపర్ల మీది వీనస్ గుర్తును తీసేస్తామని చెప్పడంతో ఇది చెలరేగింది. వలయం, దాని కింద శిలువ ఉండే ఈ గుర్తు స్త్రీలకు సంకేతం. ట్రాన్స్ పురుషులు, తమను స్త్రీగా గానీ పురుషుడిగా గానీ భావించని నాన్-బైనరీ వ్యక్తులు కూడా ప్యాడ్లు వాడతారన్న విజ్ఞప్తుల మీద సంస్థ ఈ నిర్ణయం తీసుకుంది. దీన్ని కొందరు స్వాగతించగా, స్త్రీల ఉనికినే చెరిపేస్తున్నారంటూ మరికొందరు ఆల్వేస్ బహిష్కరణకు పిలుపునిచ్చారు. ఇదే బ్రాండు భారతదేశంలో విస్పర్ పేరుతో అమ్ముడవుతోంది.

నేపథ్యం

నెలసరి ఉత్పత్తుల వ్యాపారం మొదటినుంచీ చాటుమాటుగానే సాగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్లు కట్టడానికి కింబర్లీ-క్లార్క్ సంస్థ చెక్క గుజ్జుతో సెల్యూకాటన్ అనే పదార్థాన్ని తయారుచేసింది. దాన్ని నర్సులు నెలసరికి వాడుకున్నారు. యుద్ధం ముగిశాక, 1920లో, అదే పదార్థంతో కోటెక్స్ ప్యాడ్లు వచ్చాయి. కొట్టులో మగవాణ్ణి నోరు తెరిచి అడగలేని ఆడవాళ్ల కోసం కౌంటరు మీద ఒక పెట్టె ఉంచేవారు. అందులో డబ్బులు వేసి, ప్యాకెట్టు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోవచ్చు. అమెరికా టీవీలో 1972 దాకా ఇలాంటి ప్రకటనలకు అనుమతే లేదు. నెలసరిని సూచించే పీరియడ్ అనే మాట అక్కడి టీవీ ప్రకటనలో తొలిసారి వినిపించింది 1985లో. ఆ టాంపాక్స్ ప్రకటనలో ఆ మాట పలికింది నటి కోర్టెనీ కాక్స్. రక్తానికి బదులు నీలి ద్రవం పోసి చూపించే అలవాటు ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది.

ఆల్వేస్ 1983లో మార్కెట్లోకి వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు పి అండ్ జి, శరీరం లోపల పెట్టుకునే తన రిలై టాంపాన్లను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ప్రాణాంతకమైన టాక్సిక్ షాక్ సిండ్రోమ్‌తో వాటికి సంబంధం ఉన్నట్టు తేలడమే కారణం. ఆల్వేస్‌తో సంస్థ ఈ వ్యాపారంలో మళ్లీ నిలదొక్కుకుంది. 1997లో టాంపాక్స్ తయారీదారు టాంబ్రాండ్స్‌ను కూడా కొనేసింది.

ఆల్వేస్‌ను ఆడపిల్లల పక్షాన నిలిచే బ్రాండుగా నిలబెట్టింది 2014 నాటి ‘లైక్ ఎ గర్ల్’ ప్రచారం. లియో బర్నెట్ ఏజెన్సీ రూపొందించిన ఈ వీడియోకు లారెన్ గ్రీన్‌ఫీల్డ్ దర్శకురాలు. ఆడపిల్లలా పరుగెత్తి చూపించమంటే పెద్దవాళ్లు చేతులు ఊపుకుంటూ వయ్యారంగా నటిస్తారు. చిన్నపిల్లలు మాత్రం ఉన్న శక్తంతా కూడదీసుకుని పరుగెడతారు. 2015లో ఈ ప్రకటన అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ప్రసారంలో కనిపించింది, అదే ఏడాది ఎమ్మీ పురస్కారం కూడా అందుకుంది. ఆడపిల్ల అన్న గుర్తింపు మీద ఇంతగా పెట్టుబడి పెట్టిన బ్రాండు కాబట్టే, రేపరు మీది చిన్న గుర్తు పోవడం కూడా కొందరికి మాట తప్పడంలా తోచింది.

వీనస్ గుర్తు ఆల్వేస్ కనిపెట్టినది కాదు. ఖగోళశాస్త్రంలో శుక్రగ్రహానికి, రసవాదంలో రాగికి వాడుతూ వచ్చిన ఈ గుర్తును 18వ శతాబ్దంలో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లినేయస్ ఆడ మొక్కలను సూచించడానికి తీసుకున్నాడు. జీవశాస్త్రం నుంచి అది 20వ శతాబ్దపు స్త్రీ విమోచన ఉద్యమ జెండాల మీదికి చేరింది. రేపరు మీద కొందరు శరీర ధర్మాన్నీ, మరికొందరు ఉద్యమాన్నీ చూడటానికి ఈ రెండు వారసత్వాలే మూలం.

గుర్తు తొలగింపు

2019 మధ్యలో కొందరు ట్రాన్స్ హక్కుల కార్యకర్తలు, వినియోగదారులు సోషల్ మీడియాలో ఆల్వేస్‌ను నేరుగా ప్రశ్నించారు. ప్యాడ్ల మీద స్త్రీ గుర్తు ఎందుకు తప్పనిసరి అన్నది వారి ప్రశ్న. అభిప్రాయాన్ని సంబంధిత విభాగానికి చేరవేస్తామని మొదట బదులిచ్చిన సంస్థ, డిసెంబరు నుంచి గుర్తులేని రేపర్లు వాడతామనీ, అవి 2020 జనవరి, ఫిబ్రవరి నెలల్లో దుకాణాలకు చేరవచ్చనీ తర్వాత వారికి తెలియజేసింది. ఈ సంగతి అక్టోబరులో బ్రిటన్, అమెరికా పత్రికలకెక్కింది. ముప్పై అయిదేళ్లకు పైగా ఆడపిల్లల, స్త్రీల పక్షాన నిలిచామనీ, ఇకముందూ నిలుస్తామనీ, వినియోగదారులందరి అవసరాలూ తెలుసుకుంటూ డిజైన్లను మార్చుకుంటూ ఉంటామనీ సంస్థ వివరణ ఇచ్చింది. ఆల్వేస్ అన్న పేరు గానీ, ప్యాడ్ గానీ మారలేదు.

సమర్థకుల వాదన

పుట్టుకతో స్త్రీగా నమోదై, పురుషులుగా జీవిస్తున్నవారు ట్రాన్స్ పురుషులు. టెస్టోస్టిరాన్ చికిత్స తీసుకునేవారిలో సాధారణంగా కొన్ని నెలల్లో నెలసరి ఆగిపోతుంది. అయితే అందరూ ఆ చికిత్స తీసుకోరు, తీసుకున్నవారిలోనూ కొందరికి మధ్యమధ్య రక్తస్రావం కనిపిస్తుంది. పురుషుల మరుగుదొడ్లలో సాధారణంగా వాడిన ప్యాడ్ వేసే డబ్బా ఉండదు. రేపరు చించిన చప్పుడు పక్క గదిలోకి వినిపిస్తుంది. జేబులోంచి జారిన ప్యాకెట్టు ఎవరి కంటనైనా పడితే అవహేళన, ఒక్కోసారి దాడి ఎదురుకావచ్చన్న భయం ఉంటుంది. తన శరీరానికీ తన గుర్తింపుకూ పొంతన లేదన్న వేదన నెలసరి రోజుల్లో ఎక్కువవుతుందని చెప్పేవారు చాలామంది. గుర్తు తీసేస్తే స్త్రీలకు పోయేదేమీ లేదనీ, వీరికి కొంత ఊరట దొరుకుతుందనీ సమర్థకులు అన్నారు.

వ్యతిరేకత

వార్త వెలువడిన రోజుల్లోనే ట్విటర్‌లో ‘బాయ్‌కాట్ ఆల్వేస్’ హ్యాష్‌ట్యాగ్ వ్యాపించింది. అభ్యంతరం చెప్పినవారు ఒకే తాను ముక్కలు కారు. బ్రిటిష్ స్త్రీవాద రచయిత్రి జూలీ బిండెల్ వంటివారు దీన్ని స్త్రీల ఉనికిని నిరాకరించడంగా చూశారు. శతాబ్దాలపాటు స్త్రీలను అంటరానివాళ్లుగా దూరం పెట్టడానికి వాడుకున్న శరీర ధర్మం గురించి బాహాటంగా మాట్లాడే స్వేచ్ఛ ఇప్పుడిప్పుడే వస్తోందనీ, ఇంతలోనే ఆ సంభాషణ నుంచి స్త్రీ అన్న మాటను తప్పిస్తున్నారనీ ఈ వర్గం వాదన. రెండో వర్గం సంప్రదాయవాదులది. ట్రాన్స్ గుర్తింపునే ఒప్పుకోని వీరికి ఈ మార్పు పెద్ద సంస్కృతీ యుద్ధంలో ఒక ఘట్టం. మూడో వర్గం కార్పొరేట్ సంస్థల చిత్తశుద్ధిని శంకించింది. ప్యాడ్లు కొనలేని పేద అమ్మాయిలు బడి మానేస్తుంటే, ఖర్చులేని డిజైన్ మార్పుతో మంచి పేరు కొట్టేయడమేమిటని వీరు నిలదీశారు.

అమ్మకాల మీద ప్రభావం

బహిష్కరణ వల్ల ఆల్వేస్ అమ్మకాలు పడిపోయినట్టు రుజువేమీ బయటపడలేదు. 2020 జూన్‌తో ముగిసిన ఆర్థిక సంవత్సరంలో పి అండ్ జి మొత్తం అమ్మకాలు 5 శాతం పెరిగి సుమారు 7,100 కోట్ల డాలర్లకు చేరాయి. కోవిడ్ మొదటి నెలల్లో జనం సరుకులు పోగుచేసుకున్న కాలం అది. అందువల్ల ఈ లెక్క అటూ ఇటూ దేనికీ సాక్ష్యం కాదు. ఇదే సంస్థకు చెందిన జిలెట్ 2019 జనవరిలో మగవాళ్ల దురుసు ప్రవర్తనను ప్రశ్నిస్తూ ప్రకటన ఇచ్చి విమర్శలపాలైంది. ఆ వేసవిలో జిలెట్ విలువను సుమారు 800 కోట్ల డాలర్ల మేర తగ్గించి చూపినప్పుడు, విమర్శకులు దాన్ని ఆ ప్రకటనకు శిక్షగా చెప్పుకున్నారు. సంస్థ మాత్రం విదేశీ మారక విలువలనూ, మగవాళ్లు గడ్డం గీసుకోవడం తగ్గడాన్నీ కారణాలుగా చూపింది.

నెలసరి ఉత్పత్తుల విషయంలో బహిష్కరణ కుదురుకోకపోవడానికి కారణాలున్నాయి. అది నెలనెలా తప్పని అవసరం. ఒంటికి నప్పిన ప్యాడ్‌ను మార్చడానికి చాలామంది ఇష్టపడరు. పైగా మార్కెట్టు కొద్ది సంస్థల చేతిలో ఉంది. ఆల్వేస్ మీద కోపంతో టాంపాక్స్ కొన్నా డబ్బు పి అండ్ జికే పోతుంది. 2023లో ఒక ట్రాన్స్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో ప్రచారం చేసినందుకు బహిష్కరణ ఎదుర్కొన్న బడ్ లైట్ బీరు మాత్రం అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానం కోల్పోయింది. బీరు విషయంలో పక్క సీసా అందుకోవడం తేలిక.

తరువాతి వివాదాలు

రేపరు మీద మొదలైన వాదం త్వరలోనే మాటల మీదికి మళ్లింది. 2020 జూన్‌లో ఒక వ్యాస శీర్షికలో స్త్రీలు అనకుండా ‘నెలసరి వచ్చే వ్యక్తులు’ అని రాయడాన్ని రచయిత్రి జె.కె. రౌలింగ్ ఎద్దేవా చేయడం ప్రపంచవ్యాప్త చర్చకు దారితీసింది. అదే ఏడాది సెప్టెంబరులో, స్త్రీలందరికీ నెలసరి రాదనీ, నెలసరి వచ్చేవారందరూ స్త్రీలు కారనీ టాంపాక్స్ ట్వీట్ చేయడంతో మళ్లీ బహిష్కరణ పిలుపులు వినిపించాయి. 2021 సెప్టెంబరులో వైద్య పత్రిక లాన్సెట్ తన ముఖచిత్రం మీద స్త్రీలను ‘యోని ఉన్న శరీరాలు’ అన్న అర్థంలో ప్రస్తావించింది. విమర్శలు రావడంతో సంపాదకుడు రిచర్డ్ హోర్టన్ క్షమాపణ చెప్పారు.

ఈలోగా చట్టాలూ ఈ చర్చలోకి వచ్చాయి. అవసరమున్న అందరికీ నెలసరి ఉత్పత్తులు ఉచితంగా అందించే చట్టాన్ని స్కాట్లాండ్ పార్లమెంటు 2020 నవంబరులో ఏకగ్రీవంగా ఆమోదించింది. అది 2022 ఆగస్టులో పూర్తిగా అమల్లోకి వచ్చింది. ఆ నెలలోనే అక్కడి టేసైడ్ ప్రాంతంలో ఈ ఉత్పత్తుల గురించి ప్రచారం చేసే బాధ్యతను ఒక పురుషుడికి అప్పగించడం మీద నిరసన రేగి, చివరికి ఆ పదవినే రద్దుచేశారు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రం 2023లో తెచ్చిన చట్టం నాలుగు నుంచి పన్నెండో తరగతి దాకా నెలసరి వచ్చే విద్యార్థులందరికీ బడుల్లో ఉచిత ఉత్పత్తులు ఉంచాలంది. దాని మీద సంతకం చేసిన గవర్నర్ టిమ్ వాల్జ్ 2024లో ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే ప్రత్యర్థులు ఆయన్ను ‘టాంపాన్ టిమ్’ అని ఎగతాళి చేశారు. కెనడా 2023 డిసెంబరు నుంచి ఫెడరల్ పరిధిలోని పని ప్రదేశాల్లో, పురుషుల మరుగుదొడ్లతో సహా, వీటిని ఉంచాలని నిబంధన పెట్టింది. 2025 జనవరిలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తన కార్యాలయాల్లోని పురుషుల మరుగుదొడ్ల నుంచి వాటిని తీసివేయించింది.

భారతదేశంలో

భారతదేశంలో నెలసరి ఉత్పత్తుల ప్రచారం తలపడింది ప్రధానంగా మైలతో, గోప్యతతో. ప్యాడ్ల ప్యాకెట్టును కాగితంలో చుట్టి, నల్ల కవరులో వేసి ఇచ్చే మందుల దుకాణాలు ఇక్కడ సర్వసాధారణం. బయట ఉన్న మనిషి ముట్టుకుంటే ఊరగాయ జాడీకి బూజు పడుతుందన్న నమ్మకాన్ని ఎదిరిస్తూ విస్పర్ 2014లో ‘టచ్ ద పికిల్’ ప్రచారం చేసింది. ఆవకాయ జాడీ చుట్టూ మడి పాటించే తెలుగు ఇళ్లకూ ఇది తెలిసిన నమ్మకమే. ఈ ప్రచారానికి 2015లో కేన్స్ ప్రకటనల ఉత్సవంలో గ్లాస్ లయన్ గ్రాండ్ ప్రీ దక్కింది. శానిటరీ ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీని 2018 జులైలో ఎత్తివేసేలా చేసిన ఉద్యమమూ వాటిని స్త్రీల నిత్యావసరంగానే చూపింది. ట్రాన్స్‌జెండర్ల విషయం పి అండ్ జి భారత ప్రకటనల్లో వేరే చోట కనిపించింది. ట్రాన్స్ మహిళ గౌరీ సావంత్ మాతృత్వం గురించి విక్స్ 2017లో తీసిన చిత్రం విస్తృతంగా ప్రశంసలందుకుంది.

మూల్యాంకనం

ఆల్వేస్ నిర్ణయం ఒక గుర్తుకే పరిమితమైంది. పి అండ్ జి వార్షిక నివేదికల్లో ఈ వ్యాపార విభాగం ఆ తర్వాత కూడా శిశు, స్త్రీ, కుటుంబ సంరక్షణ విభాగంగానే కొనసాగింది. స్త్రీ అన్న మాటను సంస్థ తన ఖాతాల నుంచి తీసేయలేదు. ట్రాన్స్ పురుషులు ఏకరువు పెట్టిన డబ్బాలు, భద్రత, అందుబాటు లాంటి ఇబ్బందులకూ రేపరు మార్పు పరిష్కారం చూపలేదు. వాటిని ఎంతోకొంత తాకినవి బడులకూ కార్యాలయాలకూ వర్తించే తరువాతి నిబంధనలే.