సౌండ్ రిపోర్ట్
సినిమా షూటింగులో రికార్డు చేసిన ప్రతి టేకుకూ సౌండ్ రికార్డిస్టు రాసిపెట్టే రోజువారీ పత్రం. పైన చిత్రం పేరు, తేదీ, శాంప్లింగ్ రేటు, బిట్ డెప్త్ (సాధారణంగా 48 కిలోహెర్ట్జ్, 24 బిట్), ఫ్రేమ్ రేటు ఉంటాయి. కింద సీను, టేకు, టైమ్‌కోడ్, ఏ ట్రాకులో ఎవరి మైకు ఉందన్న వివరాలు. అన్నిటికన్నా విలువైనది రిమార్కుల గడి. ‘టేకు 3: రెండో డైలాగు మీద ఆటో హారన్, వైల్డ్ ట్రాక్ తీశాం’ అని ఒక్క వరుస రాసి ఉంటే (వైల్డ్ ట్రాక్ అంటే కెమెరా నడపకుండా విడిగా రికార్డు చేసిన ధ్వని) ఎడిటర్‌కు వెతుకులాట తప్పుతుంది, నటుణ్ణి మళ్లీ డబ్బింగుకు పిలిచే అవసరమూ తప్పవచ్చు. నాగ్రా టేపు రికార్డర్ల కాలంలో ఈ కాగితం టేపు డబ్బాతోపాటే వెళ్లేది. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 1997లో బ్రాడ్‌కాస్ట్ వేవ్ ఫార్మాట్ నిర్దేశించాక టైమ్‌కోడ్ లాంటి వివరాలు ఆడియో ఫైలులోనే ఇమిడిపోయాయి. అయినా విడి రిపోర్టు ఇవ్వడం మానకూడదు. ఫైలు పేరు మారినా, కార్డు పాడైనా ఆ రోజు ఏం రికార్డయిందో చెప్పే ఆధారం అదే.