టీబీ మందులు: దగ్గు తగ్గినా కోర్సు ఆపొద్దు

మందులకు లొంగే ఊపిరితిత్తుల టీబీకి సాధారణంగా 6 నెలల కోర్సు ఇస్తారు. మొదటి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత 4 నెలలు మొదటి రెండు మాత్రమే. కొన్ని వారాలకే దగ్గు తగ్గుతుంది. అప్పుడు మానేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, మందులకు లొంగకుండా మొండికేయవచ్చు.

రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారు పడొద్దు. అయితే అది గర్భనిరోధక మాత్రల ప్రభావాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఇంట్లో వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. అరికాళ్లు తిమ్మిరెక్కితే చెప్పండి, బి6 విటమిన్ ఇస్తారు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా తర్వాతి మోతాదు వేసుకోకుండా వెంటనే ఫోన్ చేయండి.

సెలవులకు ఇండియా వెళ్తుంటే ముందే చెప్పి, సరిపడా మందులు, ప్రిస్క్రిప్షన్ వెంట ఉంచుకోండి.