గృహ మరమ్మతు పనులు – లైసెన్సు నిబంధనల పరిణామం: చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల నేపథ్యం

వ్యాస సంగ్రహం: కుళాయి బిగించడం, తలుపు సరిచేయడం, వైరింగు మార్చడం వంటి చిన్న పనులను చట్టం ఏ విధంగా గుర్తించిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వ్యాపార స్థలానికీ, విద్యుత్ పనికీ నియమాలు ఏర్పడినప్పటికీ, ఇంటింటికీ వెళ్లి పనిచేసే మరమ్మతుదారు వాటి వెలుపలే మిగిలాడని వివరిస్తుంది.

కీలక పదాలు: మరమ్మతు, లైసెన్సు, ఆయం, పంచాయతీ, పర్మిట్, కార్మిక సంక్షేమం.

1. ఉపోద్ఘాతం
హైదరాబాదు–బీజాపూర్ రహదారిపై ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ రంగారెడ్డి జిల్లా మండల కేంద్రాలు, 2025లో పురపాలికలయ్యాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరిరక్షణకై 1996 మార్చి 8న వెలువడిన 111వ జీవో, మొయినాబాద్ పరిసరాలు సహా 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. అయినా ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, కళాశాలలు వెలిశాయి. వాటి నిర్వహణతో మరమ్మతుదారుల అవసరమూ పెరిగింది.

2. ఆయం కాలంలో పూచీ
పూర్వం తెలంగాణ గ్రామాల్లో వడ్ల, కమ్మరి వృత్తులవారు రైతుల పనిముట్లను బాగుచేసి, పంటకాలంలో ధాన్యం పొందేవారు. ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన ‘ఇండియన్ విలేజ్’ హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో ఇటువంటి వ్యవస్థను నమోదు చేసింది. పనివాడి నైపుణ్యానికి గ్రామమూ, కులమూ పూచీగా ఉండేవి. అయితే ఆ పూచీ వంశపారంపర్య హక్కుతో ముడిపడినది. ఇతరులకు ప్రవేశం దుర్లభం.

3. స్థలానికి లైసెన్సు
1964 నాటి గ్రామపంచాయతీల చట్టం, తరువాత 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రాణానికో ఆరోగ్యానికో ఆస్తికో హాని కలిగించగల వ్యాపారాలకు లైసెన్సు విధించాయి. ఇక్కడ చట్టం దృష్టి ప్రధానంగా ‘స్థలం’పైనే. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కూడా సేవలందించే ‘ఆవరణ’నే ప్రమాణంగా తీసుకున్నది. కనుక వెల్డింగు షాపు చట్టం కంటికి కనబడుతుంది. పనిముట్ల సంచితో బండిపై తిరిగే ప్లంబరు కనబడడు.

4. విద్యుత్తు: మినహాయింపు
వ్యక్తి యోగ్యతను చట్టం స్పష్టంగా కోరిన రంగం విద్యుత్తు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లోని 45వ నియమం ప్రకారం వినియోగదారుని ఆవరణలో విద్యుత్ పనిని లైసెన్సు గల కాంట్రాక్టరే చేపట్టాలి. యోగ్యతాపత్రం గలవారి పర్యవేక్షణలో, పర్మిట్ గలవారే చేయాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటివాటి మార్పిడికి మాత్రం మినహాయింపు ఉంది. అది వ్యవస్థ సామర్థ్యాన్ని, స్వభావాన్ని మార్చకూడదు. 2010 కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు ఈ సూత్రాన్నే కొనసాగించాయి. కానీ స్విచ్చు మార్చడానికి వచ్చినవానికే కొత్త మోటారు లైను వేయమనడం ఇళ్లలో సహజం. మినహాయింపు ముగిసి నిషేధం మొదలయ్యే గీత అక్కడే చెరిగిపోతుంది.

5. సంక్షేమంలో ఖాళీ
1996 భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం నిర్మాణంతోపాటు మరమ్మతును, నిర్వహణను తన నిర్వచనంలో చేర్చింది. అయితే పది లక్షల రూపాయలు మించని సొంత నివాసపు పని చేయించుకునే వ్యక్తిని ‘సంస్థ’ పరిధి నుంచి తప్పించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఆ పరిమితి యాభై లక్షలకు చేరింది. లబ్ధిదారుగా నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజుల పని చూపాలని 1996 చట్టం కోరింది. పూటకో ఇంట్లో పనిచేసేవానికి ధ్రువీకరించే యజమాని ఎవరు? 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పీఎం విశ్వకర్మ పథకపు 18 వృత్తుల్లో వడ్రంగం, తాపీ పని, తాళాల తయారీ ఉన్నాయి; ప్లంబింగు, విద్యుత్ పని లేవు.

6. ముగింపు
ఆయం వ్యవస్థలో పూచీ ఉన్నా స్వేచ్ఛ లేదు. నేటి మరమ్మతుదారుకు స్వేచ్ఛ ఉన్నా పూచీ లేదు. నిచ్చెనపైనుంచి పడినవాని వైద్యానికీ, లోపభూయిష్టమైన వైరింగువల్ల కలిగే నష్టానికీ బాధ్యత ఎవరిదనే ప్రశ్న ఇంటి గడప దగ్గరే ఆగిపోతున్నది. పురపాలికలుగా మారిన చేవెళ్ల, మొయినాబాద్‌లలో దుకాణాలకు లైసెన్సులివ్వడంతో ఈ ఖాళీ పూడదు. రుసుము భారం లేని వ్యక్తిగత నమోదు, నైపుణ్య ధ్రువీకరణ, ప్రమాద బీమా ఒకే పత్రంలో కలిసినప్పుడే లైసెన్సు కార్మికునికి అడ్డంకిగా కాక రక్షణగా నిలుస్తుంది.